సూది పిన్ని పెరట్లో అడిగిన ప్రశ్న

సోమవారం పొద్దున్నే టెక్కలిలో మా హాస్టలుకి నాన్న ఫోను చేశాడు. ఎప్పుడు చేసినా ముందు "తిన్నావేటి?" అని అడిగే మనిషి ఆ రోజు అడగలేదు. "సూది పిన్ని ఎల్లిపోనాదమ్మా, తెల్లారగట్ల," అన్నాడు. మళ్ళీ తనే, "మీ అమ్మ ఆ ఇంటికాడే ఉన్నాది. ఆవిడ ఒంటికి నీళ్ళు పొయ్యడానికి అదే ఎల్లినాది. నువ్వు బేగి రా," అని పెట్టేశాడు.

ఆ చావు కబురు నేను ఎదురుచూస్తున్నదే. రెండు నెలలుగా ఆమె మంచం దిగడం లేదు. వార్డెన్ గదిలో నన్ను కదలకుండా నిలబెట్టింది నాన్న చెప్పిన రెండో సంగతి. ఆమె ఇంటికీ మా ఇంటికీ మధ్య ఉన్నది ఒక్క జీడి తోట. ఆ తోట దాటి మా అమ్మ ఆమె గడప తొక్కి తొమ్మిదేళ్ళయింది. ఎందుకో పూర్తిగా తెలిసిన వాళ్ళం మిగిలింది మేమిద్దరమే, అమ్మా నేనూ. ఇప్పుడు మీకు కూడా చెబుతాను. చెప్పకపోతే పిన్ని గురించి ఏం రాసినా సగమే అవుతుంది.

ఆమె మాకు చుట్టం కాదు. ఊళ్ళో అందరం వరసలు పెట్టి పిలుచుకుంటాం కాబట్టి పిన్ని. జ్వరం వచ్చిన వాళ్ళ వేలు సూదితో పొడిచి నెత్తురు తీసేది కాబట్టి సూది పిన్ని. కాగితాల మీద ఆమెని ఆరోగ్య కార్యకర్త అనేవారు. భర్త పని వెతుక్కుంటూ మద్రాసు వెళ్ళి మరి రాలేదు. పిల్లలు లేరు. ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. "ఊర్లో రాయడం తెలిసినోలం ఇద్దరమే ఉన్నాం, నానూ పోస్టుమేనూ. ఆయనకి ఉద్యోగం ఉంది కదాని నర్సమ్మ నన్ను పట్టుకున్నాది," అని చెప్పేది.

మా ఊరు పలాస నుంచి సముద్రం వైపు పోయే రోడ్డు మీద ఉంది. చుట్టూ కొబ్బరి తోటలు, జీడి తోటలు. పీచు నానబెట్టే గోతుల్లో వానాకాలమంతా నీళ్ళు నిలిచి ఉండేవి. ఆ గోతుల మీద సాయంత్రాలు దోమలు పొగలాగా లేచేవి. నా చిన్నప్పుడు వానలు మొదలైతే ఇంటికొకరు పడుకునేవారు. పిన్ని గుమ్మం బయటే నిలబడి లోపలికి ఒకే మాట అడిగేది: "ఎన్ని దుప్పట్లు కప్పినారు?" ఒకటీ రెండూ అంటే రేపు చూద్దామనేది. మూడు దాటితే చెప్పులు విడిచి లోపలికి వచ్చేసేది. మంచం కోళ్ళు టకటకమని కొట్టుకుంటుంటే ఆ ప్రశ్న కూడా ఉండేది కాదు.

ఆమె దగ్గర ఒక అల్యూమినియం టిఫిను డబ్బా ఉండేది. అందులో దూది, స్పిరిటు సీసా, సూదులు, కాగితంలో చుట్టిన గాజు పలకలు, చేదు మాత్రలు. ఎడమ చేతి ఉంగరం వేలు పట్టుకుని మన ముఖంలోకి చూస్తూ ఏదో అడిగేది. మనం జవాబు చెప్పేలోపు పొడిచేసేది. గాజు పలక మీద ఒక చుక్కని గుండ్రంగా రుద్దేది. ఇంకో చుక్కని మరో పలక అంచుతో పల్చగా లాగేది. ఆ లాగడం ముగ్గు గీత కంటే నేర్పుగా ఉండేది. ఆ తరవాత అసలు కష్టం మొదలయ్యేది. పలకలు ఆరే దాకా చీమలు పట్టకూడదు. పట్టాయంటే నెత్తురంతా నాకేస్తాయి, ల్యాబులో చూడడానికి ఏమీ మిగలదు. అందుకని పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో గిన్నె బోర్లించి, దాని మీద పలకలు పేర్చి, పైన పల్చటి గుడ్డ కప్పేది. మా ఇళ్ళల్లో పండగ అరిసెల్ని అలాగే కాపాడతారు. "సీమకి బెల్లమైనా ఒకటే, మన నెత్తురైనా ఒకటే," అనేది. "దానికి మనం ఏ ఇంటోలమో అక్కర్నేదు."

వేలు పొడవగానే కొన్ని చేదు మాత్రలు అక్కడికక్కడే మింగించేది. పలకలు ఆసుపత్రికి వెళ్ళి, చూసి, చీటీ తిరిగి రావడానికి వారం, ఒక్కోసారి పది రోజులు పట్టేది. మలేరియా అని చీటీ వస్తే అప్పుడు ఇంకో రకం మాత్రలు ఐదు రోజులు వెయ్యాలి. ఆ పది రోజుల్లో జ్వరం తగ్గిపోయేది, మనిషి పనికి వెళ్ళిపోయేవాడు. తగ్గిన జ్వరానికి మందేమిటని అందరికీ విసుగు. ఆ విసుగుతోనే ఆమెకి రోజూ యుద్ధం.

మా తాత సంగతి చెబితే మీకు తెలుస్తుంది. ఐదు రోజులూ పొద్దున్నే వచ్చి ఆయన ఎదురుగా కూర్చునేది.

"మింగీసినాను, ఇంక ఎల్లు," అనేవాడు తాత.

"నోరు తెరు మావా."

"తెరిసినాను కదే."

"నాలిక ఎత్తు."

"నాలిక కింద ఏటుంటాదే? నా నోట్లో పళ్ళే నేవు."

"అందికే సెప్తన్నాను. పళ్ళు నేని నోట్లో మాత్రకి బోల్డంత సోటు."

నాలుక ఎత్తితే మాత్ర అక్కడే ఉండేది. మూడో రోజు ఆయన తలపాగా కొసన ఇంకో రెండు దొరికాయి. మళ్ళీ జ్వరం వస్తే పనికొస్తాయని దాచుకున్నాడట. పిన్ని కోప్పడలేదు. పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పింది: "సగం మందేస్తే జొరం సగమే సస్తాది మావా. సగం సచ్చిన పాముని ఇంట్లో ఎట్టుకుని పడుకుంటావేటి?" తాత మిగతావి మింగేశాడు. ఆ తరవాత ఎవరు మాత్ర పారేసినా ఆ పాము మాట తనే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

ఆ రోజుల్లో అమ్మా పిన్నీ ఒకరిని విడిచి ఒకరు ఉండేవారు కాదు. పిన్ని అమ్మని అప్పా అని పిలిచేది. అమ్మ ఆమెని సెల్లీ అనేది. చీటీ వచ్చేసరికి మనిషి ఊళ్ళో లేకపోతే పిన్ని వెతుక్కుంటూ బయల్దేరేది. తోడు అమ్మ. నాకు సెలవైతే నేనూ. ఒకసారి పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డుకి వెళ్ళాం. మా ఊరి అమ్మాయి ఒకామె అక్కడ పనిలో ఉంది. వరసగా కూర్చున్న ఆడవాళ్ళ వేళ్ళన్నీ జీడి రసానికి నల్లబడి, తోలు ఊడి ఉన్నాయి. పిన్ని గుమ్మంలో నిలబడి చీటీ ఎత్తి చూపించింది.

"నీ పేరు మీద సీటీ ఒచ్చిందే."

"పెళ్ళి సీటీ ఏటి పిన్నీ?" అంది ఆ అమ్మాయి, చేతిలో పని ఆపకుండా.

"పెళ్ళే. దోమ ఇంటోలు పంపినారు. ఐదు దినాల పెళ్ళి, దినానికో పూట మాత్ర."

షెడ్డంతా నవ్వింది. ఆ నవ్వులోనే పిన్ని గట్టిగా అడిగింది: "నెల తప్పనేదు కదా?"

"దానికింకా నిజం పెళ్ళే అవనేదు పిన్నీ," అని పక్కనామె అంటే మళ్ళీ నవ్వులు.

ఆ ప్రశ్న ఆమె అడిగి తీరాల్సిందే. కడుపుతో ఉన్న వాళ్ళకి ఆ ఐదు రోజుల మాత్రలు ఇవ్వకూడదు. శిక్షణలో అదే మొదట చెప్పారట. అడగమన్నారు కాబట్టి అడిగేది, ఎక్కడుంటే అక్కడ, ఇంటి పేరు అడిగినంత తేలిగ్గా. అందులో తప్పేముందో అప్పటికి ఆమెకీ తెలియదు, మాకూ తెలియదు.

నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకి జ్వరం వచ్చింది. నాలుగు దుప్పట్లు. పిన్ని వేలు పొడిచింది. తొమ్మిదో రోజున చీటీ తెచ్చింది. అమ్మ అప్పటికి లేచి తిరుగుతోంది. వాకిట్లో నానమ్మ చింతపండు గింజలు తీస్తోంది. మా పెద్దత్త, ఇంకో ఇద్దరు ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఉన్నారు. నేను అరుగు మీద పలక పట్టుకుని ఎక్కాలు రాసుకుంటున్నాను.

"అప్పా, ఐదు దినాల మాత్రలు తెచ్చినాను. నెల తప్పనేదు కదా?" అని అడిగింది పిన్ని.

అమ్మ నానమ్మ వైపు చూసింది. నానమ్మ తల ఎత్తకుండానే, "ఏటీ నేదు, ఇచ్చీ," అంది.

పిన్ని నానమ్మని వదిలేసి మళ్ళీ అమ్మనే అడిగింది. "అప్పా?"

అమ్మ లేదన్నట్టు తల ఊపింది.

నిజానికి అప్పటికి రెండో నెల. నా తరవాత రెండుసార్లు కడుపు పోయింది అమ్మకి. మూడో నెల నిండే దాకా కడుపు సంగతి గుమ్మం దాటకూడదని మా వైపు పట్టింపు. దాటితే కన్ను పడుతుంది, నిలబడదు. ఈసారి నానమ్మ ఆ పట్టింపుని ఇంకా బిగించింది. నాన్నకి తప్ప ఎవరికీ చెప్పొద్దని అమ్మ చేత దేవుడి ముందు మాట తీసుకుంది. ఇవన్నీ నాకు చాలా ఏళ్ళ తరవాత తెలిశాయి. ఆ రోజు నేను చూసింది అమ్మ తల ఊపడం ఒక్కటే.

నాలుగో రోజుకి అమ్మని ఎడ్లబండి మీద పెద్ద రోడ్డుకి, అక్కడి నుంచి టెక్కలి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. కడుపు పోయింది. మలేరియా జ్వరానికే అలా పోవచ్చు, మాత్రలకి కూడా పోవచ్చు, ఇదీ అని చెప్పలేమని అక్కడి డాక్టరుగారు నాన్నతో అన్నారు. నాన్న ఇంటికొచ్చి రెండు మాటలూ చెప్పాడు. నానమ్మ ఊరికి ఒకటే చెప్పింది: "అదిచ్చిన మాత్రలకే పోనాది."

ఆ రోజు వాకిట్లో ఆ ప్రశ్న విన్న పెద్దత్తా, ఆ ఇద్దరూ నానమ్మకి ఎదురు చెప్పలేదు. ఊరు నమ్మింది. నమ్మడానికి పెద్దగా కష్టపడక్కర్లేదు. మన నెత్తురు పట్టుకెళ్ళి ఏం చేస్తారోనన్న అనుమానం కొందరికి ముందునుంచీ ఉంది. అందరూ ఒక మాట కోసం చూశారు, అడిగే ఇచ్చానని పిన్ని ఎదురు తిరుగుతుందని. ఆమె తిరగలేదు. ఒకరోజు మా వాకిట్లోకి వచ్చి నిలబడింది. నానమ్మ నోటికొచ్చినట్టు తిట్టింది. లోపల మంచం మీద అమ్మ గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పిన్ని తిట్లన్నీ విని, కొంగుతో ముఖం తుడుచుకుని, జీడి తోటలోకి నడిచి వెళ్ళిపోయింది.

ఆ వానాకాలం ఆమె డబ్బా పట్టుకుని వీధివీధీ తిరిగింది. ఎవరూ వేలు చాపలేదు. "మా ఇంట జొరాలు నేవమ్మా," అని గుమ్మంలోనే చెప్పేసేవారు. ఆ మాట చెబుతుండగానే లోపల మంచం కోళ్ళు టకటకమని వినబడేవి. ఆమె విని కూడా నిలబడేది. కాసేపు అలా నిలబడి, చెప్పులు విడవకుండానే వెనక్కి తిరిగేది. జనం పక్క ఊరి నుంచి వచ్చే సూదిమందు వైద్యుడి చేత సెలైన్లు ఎక్కించుకున్నారు. మధ్యాహ్నాలు నేను బడి నుంచి వచ్చే దారిలో ఆమె అరుగు మీద కనిపించేది. పక్కన డబ్బా, కాగితం విప్పని గాజు పలకలు. నన్ను చూసి చెయ్యి కొంచెం ఎత్తేది. నేనూ ఎత్తేదాన్ని. అంతకంటే దగ్గరికి వెళ్ళడానికి నాకు భయం. అడగడం నేను విన్నాను, తల ఊపడం చూశాను. ఎనిమిదేళ్ళ పిల్లకి ఆ రెండు సంగతులూ ఎవరితో చెప్పాలో తెలియలేదు.

మరుసటి ఏడు వానల్లో నాకు జ్వరం వచ్చింది. మూడు రోజులు నానమ్మ కషాయాలు తాగాను. నాలుగో రోజు మధ్యాహ్నం, నానమ్మ కునుకు తీస్తున్నప్పుడు, అమ్మ నన్ను దుప్పటితో సహా భుజాన వేసుకుని తోట దాటింది. ఎండుటాకుల మీద ఆమె నడక చప్పుడు, నా పళ్ళు కొట్టుకునే చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తు.

పిన్ని మమ్మల్ని చూసి లేచింది. ఏమీ అడగకుండా చాప పరిచింది. అమ్మ నన్ను కూర్చోబెట్టి, నా ఎడమ చెయ్యి పట్టి ముందుకు చాపింది.

"ఎన్ని దుప్పట్లు?" అంది పిన్ని.

అమ్మ నాలుగు వేళ్ళు చూపించింది.

పిన్ని నా ముఖంలోకి చూసింది. "మీ బడిలో కొత్త పంతులమ్మ ఒచ్చిందంట కదే, కొడతాదేటి?" అని అడిగింది. కొట్టదని చెప్పేలోపు పొడిచేసింది. పలక మీద చుక్క రుద్దింది, లాగింది. మాత్రలు నలిపి బెల్లంతో మింగించింది. నాలుక ఎత్తించి చూసింది. అమ్మ గడప దగ్గర నిలబడే ఉంది.

"సెల్లీ," అంది చివరికి. ఆ పిలుపు తరవాత ఇంకో మాట ఉందని నాకు కూడా తెలిసింది. పిన్నికి తెలియకుండా ఉండదు.

"బేగి ఎల్లు అప్పా. అత్త లెగిసీసరికి ఇంట్లో ఉండు," అంది పిన్ని.

ఆ మాట అలాగే లోపల ఉండిపోయింది. అమ్మ ఆ గడప తొక్కడం అదే చివరిసారి. నాకు తగ్గింది. నాకు తగ్గిందని చూసి ఇంకో ఇంటి వాళ్ళు వేలు చాపారు, తరవాత ఇంకొకరు. రెండేళ్ళకి ఊరు మళ్ళీ ఆమెని పిలవడం మొదలుపెట్టింది. పని తిరిగి వచ్చింది. మనుషులు మాత్రం పూర్తిగా రాలేదు. జ్వరం వస్తే పిలిచేవారు, పెళ్ళికి పిలవడం మరిచిపోయేవారు. అమ్మ దూరంగానే ఉంది. అది కోపమని నేను చాలాకాలం అనుకున్నాను. సిగ్గని తెలుసుకునే వయసు రావడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది.

ఇంతలో పిన్ని తన పని తీరు మార్చుకుంది. పెళ్ళయిన ఆడమనిషికి ఐదు రోజుల మాత్రలు ఇవ్వాలంటే వాకిట్లో ఏమీ అడిగేది కాదు. "ఎండలో ఒచ్చినాను, పెరట్లో కాళ్ళ మీద కాసిన్ని నీళ్ళు పొయ్యమ్మా," అనేది. ఆ అమ్మాయి చెంబుతో నూతి దగ్గరికి వచ్చేది. అత్తగారు వెంట రాబోతే, "నువ్వు కూకో వొదినా, నాకేటి మరియాదలు," అని ఆపేసేది. నీళ్ళ చప్పుడులో, తల వంచుకుని, తన పాదాలు రుద్దుకుంటూ అడిగేది. ముఖంలోకి చూసేది కాదు. లేదని చెప్పినా వెంటనే మాత్రలు చేతిలో పెట్టేది కాదు. "మరైతే ఈసారి బయటుండి తలస్నానం సేసినాక కబురెట్టు, అప్పుడిత్తాను," అనేది. కొన్నాళ్ళకి ఊళ్ళో కోడళ్ళందరికీ ఆ నీళ్ళ సంగతి అర్థమైపోయింది. అత్తలకి మాత్రం సూది పిన్నికి కాళ్ళు కడుక్కునే పిచ్చి పట్టిందని అనిపించేది. ఎవరు నవ్వినా ఆమె కూడా నవ్వేది.

నేను పదో తరగతిలో ఉండగా ఆమె పాత రిజిస్టర్లు చెద పట్టాయి. కొత్త పుస్తకంలోకి ఎక్కించమని నన్ను అడిగింది. ఆ పుస్తకాలు నాకు కథల పుస్తకాల కంటే నచ్చాయి. పేరు, వయసు, జ్వరం ఎన్ని రోజులు, చివర 'ఇతర వివరాలు' అని ఒక గడి. ఆ గడి ఎవరూ నింపరు. పిన్ని నింపింది. 'మేకలతో ఉంటాడు, సాయంత్రం వెళ్ళాలి.' 'మాత్ర చూస్తే ఏడుస్తుంది, అరటిపండులో పెట్టాలి.' 'భావనపాడు వేటకి వెళ్ళాడు, పడవ వచ్చే దాకా ఆగాలి.' చిన్న చిన్న మాటల్లో మనుషులు ఎలా నిలబడతారో నేను మొదట అక్కడే చూశాను.

తిరగేస్తుంటే అమ్మ పేరు వచ్చింది. వయసు, రోజులు, మాత్రలు ఇచ్చిన తేదీ. చివరి గడిలో పెన్సిలుతో ఒకే వాక్యం: 'అందరి ముందు అడిగాను.'

పెన్ను పక్కన పెట్టాను. పిన్ని చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"పిన్నీ, నువ్వు అడిగినావు. నాను అరుగు మీదే ఉన్నాను, విన్నాను. రెండుసార్లు అడిగినావు. ఊర్లో ఎందుకు సెప్పనేదు?"

ఆమె రాళ్ళు ఏరడం ఆపలేదు. "సెప్తే నా మాట నిలబడతాది. మీ అమ్మ ఎక్కడ నిలబడతాదే?"

"అయితే నువ్వొక్కదానివే మొయ్యాలేటి?"

"నాకు ఇంట్లో అత్తా నేదు, మొగుడూ నేడు. అడిగీవోలు నేరు. మొయ్యడానికి సోటుంది," అని, ఒక రాయి ఏరి పారేసి, "అదీ కాక తప్పు నాది కూడాను. నలుగురిలో అడిగితే ఏ ఆడది నిజం సెప్తాది? నానైనా సెప్పను," అంది.

ఆ వాక్యాన్ని కొత్త పుస్తకంలోకి ఎక్కించమంటావా అని అడిగాను. "ఉన్నదున్నట్టు రాయి," అంది.

ఆ తరవాత ఆశా కార్యకర్తలు వచ్చారు. మా ఊరికి ఒక చిన్న వయసు ఆమెని పెట్టారు. పావుగంటలో ఫలితం చెప్పే పరీక్షలు వచ్చాయి. గాజు పలకలు, నీళ్ళ పళ్ళెం అవసరం తగ్గాయి. పిన్నిని ఎవరూ మానమని చెప్పలేదు, రమ్మనీ చెప్పలేదు. ఆమే ఆ కొత్త అమ్మాయిని వెంటబెట్టుకుని ఇంటింటికీ తిప్పింది. "ఫారంలో ఉన్న ప్రశ్నని ఫారం లాగ అడక్కే," అని ఆమెతో చెప్పడం నేను విన్నాను.

అప్పటికే ఆమె పాదాలు వాస్తున్నాయి. మా ఉద్దానంలో ఆ వాపు చూస్తే ఇంకొకరు చెప్పక్కర్లేదు. కవిటి వైపు ఇంటికొకరు కిడ్నీ జబ్బుతో ఉన్నారు, మా వైపూ పెరిగారు. విశాఖపట్నంలో రెండుసార్లు చూపించారు. మూత్రపిండాలు రెండూ పాడయ్యాయన్నారు. "ఊరందరి నెత్తురూ పరీచ్చకి పంపినాను, నాది ఒక్కసారీ పంపనేదు. సూడు ఎంత పనైపోనాదో," అని నవ్వింది. మూడోసారి విశాఖ వెళ్ళనంది.

మొన్న దసరా సెలవులకి వెళ్ళినప్పుడు అమ్మ ఒక గిన్నె నా చేతికి ఇచ్చింది. ఉప్పు వెయ్యకుండా విడిగా వండిన బీరకాయ కూర. ఎవరికని చెప్పలేదు, నేను అడగలేదు. పిన్ని ఒక ముద్ద తిని, "మీ అమ్మ వంట. ఉప్పు నేకపోయినా తెలుస్తాది," అంది.

"అమ్మని రమ్మని సెప్పనేటి?"

"ఒద్దు. పిలిస్తే ఒచ్చినట్టుంటాది." గిన్నె ఖాళీ చేసి నాకిచ్చింది. నేను వెళ్తానని లేచే దాకా ఆమె చూపు తోట దారి మీదే ఉంది. నాకు వెంటనే లేవాలనిపించలేదు. లేచాను. సెలవులు అయిపోయే దాకా రోజూ ఒక గిన్నె వెళ్ళింది, ఖాళీగా తిరిగి వచ్చింది. అమ్మ కడిగి బోర్లించేది. ఏమందని అడిగేది కాదు.

నేను పలాసలో బస్సు దిగి ఆటోలో ఊరు చేరేసరికి ఆమెని తీసుకెళ్ళిపోయారు. కవిటి నుంచి వచ్చిన ఆమె తమ్ముడు తలకొరివి పెట్టాడు. పసుపు నీళ్ళతో తడిసిన చాప ఒకటి వాకిట్లో ఉంది. అమ్మ దాని పక్కన కూర్చుని ఉంది. ఒంటికి నీళ్ళు పోస్తుంటే పిన్ని వేళ్ళ చివరలన్నీ మెత్తగా ఉన్నాయని మాత్రం చెప్పింది. తన వేలు తను ఎప్పుడూ పొడుచుకోలేదు కదా అని నాకు అనిపించింది.

పెద్దకర్మ నాడు మళ్ళీ వెళ్ళాను. తమ్ముడు ఓపికకొద్దీ భోజనాలు పెట్టాడు. ఆడవాళ్ళ పంక్తిలో మంచి మాటలే నడుస్తున్నాయి. ఎవరి బిడ్డని ఎలా బతికించిందో ఒకరి తరవాత ఒకరు చెబుతున్నారు. మధ్యలో ఒక ముసలామె, చెడ్డ ఉద్దేశం ఏమీ లేకుండానే, "మంచి మనిసే గాని, అప్పుడొకసారి అడక్కుండా మాత్రలిచ్చీసి ఈ కోడలి కడుపు పోగొట్టినాది పాపం. తెలక సేసినాది," అంది.

అమ్మ వడ్డిస్తోంది. చేతిలో అన్నం బేసిను ఉంది. నానమ్మ పోయి రెండేళ్ళయింది. అడ్డుకునే వాళ్ళు ఎవరూ లేరు. ముందూ ఎవరూ లేరేమో.

"అది అడిగినాది," అంది అమ్మ.

ముసలామెకి సరిగ్గా వినబడలేదు. "ఏటీ?"

"మా వాకిట్లో నిలబడి రెండుసార్లు అడిగినాది. నానే నేదన్నాను. అప్పటికి నాకు రెండో నెల. పదేళ్ళు ఆ మాట దాని నెత్తి మీద ఎట్టి నాను తలెత్తుకుని తిరిగినాను."

పంక్తి అంతా చేతులు ఆపేసింది. ముసలామె తన విస్తరిలోకి చూసుకుంది. చివర కూర్చున్న ఒకామె చిన్నగా, "ఇప్పుడు సెప్తే ఏటి లాభమమ్మా, అది ఇంటాదేటి?" అంది.

"లాభానికి సెప్పనేదు," అంది అమ్మ. బేసిను ఎత్తి ముసలామె విస్తరిలో అన్నం పెట్టింది. తరవాత పక్కామెకి. పంక్తి చివర దాకా అలా పెట్టుకుంటూ వెళ్ళింది. ఎవరూ వద్దనలేదు, ఎవరూ ఓదార్చలేదు.

మర్నాడు పొద్దున నేను టెక్కలికి బయల్దేరాను. ఇంట్లో అమ్మ కనిపించలేదు. ఆటో పిన్ని ఇంటి ముందు నుంచి వెళ్తుంటే కనిపించింది. తమ్ముడు తాళం వేసుకుని వెళ్ళిపోయాడు. గోడ పక్క చిక్కుడు పందిరి గాలికి ఒక వైపు ఒరిగి, తీగంతా నేల మీద పడి ఉంది. అమ్మ పీచు తాడు ముక్కలు నోట్లో కరిచి పట్టుకుని, ఒక్కొక్క కొస లేపి పందిరి గుంజకి కడుతోంది. ఆ కాయలు కోసుకునే వాళ్ళు ఆ ఇంట్లో ఎవరూ లేరు. పిలుద్దామనుకున్నాను. పిలవలేదు. ఆటో మలుపు తిరిగే దాకా ఆమె చేతులు ఆ ఆకుల్లోనే ఉన్నాయి.